పెట్టె వింటోంది

నార్త్ ప్లాట్, నెబ్రాస్కా
20 డిసెంబర్ 2017

చెల్లీ నదీన్,

వోండా హోటల్లో కౌంటరు చివర, నా మామూలు కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. గుడ్లూ బంగాళాదుంపల వేపుడూ ముందు పెట్టుకుని చల్లారబెట్టుకున్నాను. ఆకలి లేదు. మొన్న సోమవారం నా ట్రక్కులో పెట్టె బిగించారు.

వస్తుంది వస్తుంది అని ఏళ్ళ తరబడి అంటున్నదే. ఇంజనుకి ఒక తీగ, అద్దం దగ్గర చిన్న తెర, దాని కింద ఆకుపచ్చ దీపం. చక్రం కదిలినా దానికి తెలుస్తుంది, ఆగినా తెలుస్తుంది. ఎన్ని గంటలు తోలానో, ఎన్ని గంటలు పడుకున్నానో ముప్ఫయ్యేళ్ళుగా నా చేత్తో నేను రాసుకున్న లెక్క ఇప్పుడది రాస్తుంది. ఆ కాగితాల పుస్తకాన్ని మేం ‘బొమ్మల కథలు’ అనేవాళ్ళం, నీకు తెలుసుగా. అందులో ఉన్నదంతా నిజమని మేమూ అనలేదు, పోలీసులూ నమ్మలేదు.

నవ్వకు. అందులోనూ ఒక ధర్మం ఉండేది. కళ్ళు బరువెక్కితే బండి పక్కకు తీసి, స్టీరింగు మీద తల పెట్టి కాసేపు కునికేవాణ్ణి. ఆ గంటని కాగితం మీద ఎక్కడో సర్దేసేవాణ్ణి. ఇప్పుడు పొద్దున బండి తీసిన క్షణం నుంచి పద్నాలుగు గంటలే గడువు. కునికినా, భోంచేసినా, గిడ్డంగి ముందు సరుకు కోసం పడిగాపులు పడ్డా ఆ గడియారం ఆగదు. అది అయిపోయిందంటే ఎక్కడున్నా సరే ఆపేసి పది గంటలు కదలకుండా ఉండాలి. దాంతో దారిలో నిద్రొచ్చినా ఎవడూ ఆగడం లేదు. మమ్మల్ని పడుకోబెట్టడానికి తెచ్చిన పెట్టె మమ్మల్ని తరుముతోంది.

నల్లకుక్క సంగతి నీకెప్పుడైనా చెప్పానా? ఒళ్ళు పూర్తిగా అలిసిపోయిన డ్రైవరుకి రోడ్డు మీద నల్లకుక్క అడ్డం వస్తుందట. నిజానికి అక్కడ కుక్కా ఉండదు, పిల్లీ ఉండదు. కానీ అది కనిపించిందంటే ఇక ఒక్క మైలు కూడా తోలకూడదు, అప్పటికప్పుడు ఆపి పడుకోవాలి. నాకు బండి నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు. నాకింతవరకూ కనిపించలేదు. ఈ పెట్టెకి మాత్రం ఆ కుక్క గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

సెల్‌ఫోన్లో మెసేజీలు పెట్టమంటావు. నా వేలితో ఒకటి నొక్కితే మూడక్షరాలు పడతాయి. పైగా ఈ ఫోను కంపెనీ ఇచ్చింది, ఎవరు చదువుతారో ఏమో. ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి నీ వినికిడి పోయిన దగ్గర్నుంచీ మనం చీటీల మీదే బతికాం. ఇప్పుడు మాత్రం ఏమొచ్చింది? ఎప్పటిలా వోండా అడ్రసుకే రాయి, నేను అటు వెళ్ళినప్పుడల్లా తీసుకుంటాను.

ఉంటాను మరి. గుడ్లు వెనక్కి తీసుకెళ్ళి వేడిచేసిస్తానంటోంది వోండా.

నీ అన్నయ్య
హార్లన్


సెడేలియా, మిస్సోరీ
29 డిసెంబర్ 2017

అన్నయ్యా,

పండక్కి పంపిన కంబళి అందింది. వరసగా నాలుగో ఏడు అదే గోధుమరంగు. ఆ దుకాణంలో వేరే రంగులు అమ్మరా, లేక నీకు వేరే దుకాణం దొరకదా?

ఇక పెట్టె సంగతి. నీకు కోపమొచ్చినా సరే, నేను సంతోషించాను. డ్యూయీ పోయి ఈ మార్చికి తొమ్మిదేళ్ళు. ఆయన రోడ్డు పని దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాడు. అటు నుంచి వచ్చిన ట్రక్కు డ్రైవరు స్టీరింగు మీదే నిద్రపోయాడు. ఆ మనిషి పుస్తకంలో పది గంటలూ హాయిగా పడుకున్నట్టే రాసి ఉంది. కోర్టులో ఆ పేజీ నాకు చూపించారు. ఎంత చక్కటి దస్తూరీనో! కాబట్టి బొమ్మల కథల్లో ధర్మం గురించి నాకు చెప్పకు అన్నయ్యా. ఆ రోజు ఆ బండిలో పెట్టె ఉండి ఉంటే నా మొగుడు ఇవాళ నా ఎదురుగా కూర్చుని వంట బాలేదని సణుగుతూ ఉండేవాడు.

అయినా నా భయం పోలేదు. నవంబరులో వచ్చినప్పుడు నా సోఫా మీద పడుకుని లేచావు చూడు, నీ మొహం అసలు పడుకోని వాడి మొహంలా ఉంది. కాఫీ కప్పు చేతిలో ఉండగానే మళ్ళీ కునికావు. కాఫీ నా చాప మీద పడింది, ఆ మరక ఇంకా పోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ పెట్టె నీ గంటల్ని చూస్తుంది సరే, నిన్నెవరు చూస్తారు?

స్కూలు వంటగదిలో నాకోసం పొయ్యికి ఎర్రదీపం పెట్టారు. గంట మోగినప్పుడు అదీ వెలుగుతుంది. ఇన్నాళ్ళకి రొట్టెలు మాడకుండా దించుతున్నాను.

మీ కంపెనీలో డ్రైవర్ల మంచి చెడ్డలు చూసేదెవరు? పేరు రాయి.

నీ నదీన్


వయోమింగ్, ఏ ఊరో తెలియదు
11 జనవరి 2018

చెల్లీ,

అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు, బండి ఊగుతోంది.

పొద్దున మాంసం ఫ్యాక్టరీలో లోడు కోసం వెళ్ళాను. రెండు గంటల్లో ఎత్తుతామన్నారు. పెట్టె గడియారం నడుస్తూనే ఉంది, వాళ్ళు ఎత్తుతూనే ఉన్నారు. ఎత్తేసరికి సాయంత్రమైంది. ‘బాబూ, నా టైము దగ్గరపడింది, ఇక్కడే ఓ మూల పడుకుంటాను’ అన్నాను గేటు దగ్గరి మనిషితో. ‘ఇదేమన్నా సత్రమా? బయటికి తీయ్’ అన్నాడు. తీశాను. దారిలో కనపడిన ప్రతి ట్రక్కుల ఆవరణా నిండిపోయింది. అందరి గడియారాలూ ఒకేసారి అయిపోతున్నాయి మరి! చివరికి హైవే మీదికి ఎక్కే వంపు దగ్గర, మంచు గట్టు పక్కన ఆపాను. ఇక్కడే ఉన్నాను.

ఒక్కో బండి పక్కనుంచి వెళ్తుంటే నా పడక అటు నుంచి ఇటు ఊగుతోంది. వాడి కళ్ళు కాస్త మూతపడితే చాలు, నేరుగా నా తల మీదికొస్తాడు. చెప్పడానికి సిగ్గేస్తోంది గాని బూట్లు వేసుకునే పడుకున్నాను. గుద్దినప్పుడు కనీసం కాళ్ళు కప్పుకుని ఉండాలని బుద్ధికి తోచింది. డ్యూయీ బావ అన్నేళ్ళు రోడ్డు పక్క ఎలా నిలబడ్డాడో నాకిప్పుడు తెలిసింది. నాకు భయంగా ఉంది నదీన్. ఇది ఇంకెవరికీ చెప్పను.

పోనీ అందరూ తిడుతున్నారా అంటే అదీ లేదు. గూలెద్ అని సోమాలియా నుంచి వచ్చిన డ్రైవరు ఉన్నాడు, వోండా హోటల్లో నా పక్కనే కూర్చుంటాడు. వాడికి ఈ పెట్టంటే ప్రాణం. ‘పెద్దాయనా, నీ బండి నీ సొంతం, కంపెనీకి అద్దెకి తిప్పుతున్నావు కాబట్టి నీకు తెలీదు. మా కంపెనీవాడు ఇదివరకు ఫోన్ చేసి, ఇంకో మూడొందల మైళ్ళు కొట్టు, కాగితం మీద ఏదో రాసెయ్ అనేవాడు. కాదంటే మర్నాడు లోడు ఉండేది కాదు. ఇప్పుడు ఈ తెర ఫోటో తీసి పంపుతాను. సున్నా గంటలు! నోరు మూసుకుంటాడు. ఇది పెట్టె కాదయ్యా, నా వకీలు’ అన్నాడు. ‘నీ వకీలుకి పార్కింగు చోటు వెతకడం వచ్చా?’ అన్నాను. వోండా నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసింది.

డాక్టరు మాట ఎత్తకు. నా గురక సంగతి నాకు తెలుసు. మీ వదిన విడాకులకి చెప్పిన కారణాల్లో అదొకటి. నీకు వినపడదు కాబట్టి నేనున్న ఇంట్లో ఒక రాత్రంతా హాయిగా పడుకోగలిగిన మనిషివి నువ్వొక్కతివే. కానీ నిద్ర జబ్బని ఏ డాక్టరైనా రాశాడంటే నా డ్రైవింగు కార్డు ఆగిపోతుంది. కార్డు లేకపోతే నేనేం చేయాలి? అరవయ్యొక్క ఏళ్ళు. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

భద్రత చూసే పెద్దమనిషి పేరు ప్రెంటిస్. ఎందుకు? కేకు పంపుతావా?

హార్లన్


సెడేలియా
19 జనవరి 2018

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి వంటగదిలో కూర్చుండిపోయాను. దీపం వెలిగింది, ఆరింది, రొట్టెలు మాడిపోయాయి. ఇంకెప్పుడూ ఆ వంపుల దగ్గర ఆపకు. జరిమానా పడితే పడనీ, ముందుకెళ్ళి ఎక్కడైనా వెలుతురున్న చోట ఆపు.

పెట్టె వద్దని నేననను. కానీ ఇలా ఉంటుందని నేననుకోలేదు. ఒక భయం పోతుందనుకుంటే ఇంకోటి వచ్చి కూర్చుంది.

ప్రెంటిస్ గారికి కేకు పంపను. పేరు మాత్రం రాసి పెట్టుకున్నాను. ఎందుకని అడగకు. ఏం చేసినా నీ మీద ప్రేమతోనే చేస్తానని గుర్తుపెట్టుకో.

నదీన్


నార్త్ ప్లాట్
2 ఫిబ్రవరి 2018

నదీన్,

ఇది చదివాక చించెయ్.

మంగళవారం ప్రెంటిస్ ఫోన్ చేశాడు. మామూలుగా అరిచే మనిషి, ఆ రోజు మెత్తగా మాట్లాడాడు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

‘హార్లన్, నువ్వు నిద్రలో ఊపిరి ఆపేస్తున్నావట కదా?’

‘ఎవరు చెప్పారు?’

‘ఎవరైతేనేం. మాకు తెలిసింది. తెలిశాక ఊరుకోలేం. వచ్చే నెలాఖరులోపు ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుని పరీక్ష చేయించుకో. లేకపోతే బండి ఆపేస్తాం.’

నువ్వే ఆలోచించు. పద్నాలుగేళ్ళుగా ఒంటరిగా పడుకుంటున్నాను. ఇల్లు కూడా లేదు, ఈ బండే ఇల్లు. అందులో పడుకునేది ఎవరు? నేనూ, ఆ పెట్టే. నేనెవరికీ చెప్పలేదు. నా గురక వినగలిగింది ఆ పెట్టె ఒక్కటే! అది గంటలు లెక్కపెట్టడం ఒక వంక. రాత్రంతా చెవి ఒగ్గి కూర్చుంటోంది నదీన్. నేను నిద్రలో ఏం గొణుగుతానో, ఎవర్ని తిడతానో, అంతా వింటోంది.

ఇక్కడ వోండా హోటల్లో డ్రైవర్లందరికీ చెప్పాను. మొదట నవ్వారు. తర్వాత ఒకడు లేచి వెళ్ళి తన పెట్టె మీద తువ్వాలు కప్పి వచ్చాడు. ఇంకొకడు చలికోటు చుట్టాడు. వోండా నాకు గిన్నెలు తుడిచే గుడ్డ ఇచ్చింది. గూలెద్ ఒక్కడే, ‘దానికి మైకు లేదు పెద్దాయనా, నేను విప్పి చూశాను’ అన్నాడు. వాడి వకీలు కదా, వాడు అలాగే అంటాడు.

గుడ్డ కప్పినా ఆకుపచ్చ వెలుతురు పైకి కనపడుతోంది. ఆ పడక మీద ఇక నాకు నిద్ర పట్టదు. మూడు రోజులుగా హోటళ్ళ బల్లల మీదా, బట్టలు ఉతుక్కునే గదుల్లోనూ కూర్చునే కునుకుతున్నాను. కొన్నాళ్ళు వోండా దగ్గరికీ రాను. ఇక్కడ పెట్టెలున్న బండ్లు ఎక్కువ. నీ ఉత్తరాలు మాత్రం తనే దాచి ఉంచుతుంది.

పిచ్చివాడినని అనుకోకు. ఈ లోకంలో నా మాట నమ్మేది నువ్వొక్కతివే.

హార్లన్


సెడేలియా
6 ఫిబ్రవరి 2018

అన్నయ్యా,

పెట్టె చెప్పలేదు. నేను చెప్పాను.

ప్రెంటిస్ గారికి ఉత్తరం రాసింది నేను. నీకు చెప్పకుండా రాశాను, చెబితే ఒప్పుకోవని. ఎలా తెలుసంటావా? నాకు గురక వినపడదు నిజమే. కానీ నాకు కళ్ళున్నాయి. నవంబరులో నువ్వు సోఫా మీద పడుకున్నప్పుడు నేను పక్క కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకుంటున్నాను. నీ కడుపు మీద కంబళి పైకీ కిందికీ కదులుతోంది. ఉన్నట్టుండి ఆగింది. సరేలే అని చూశాను. కదల్లేదు. నేను కూడా నీతో పాటు ఊపిరి బిగబట్టాను, ఎంతసేపో చూద్దామని. నాకు ఊపిరాడక వదిలేశాను, నీకు ఇంకా రాలేదు. నీ పెదాలు నీలంగా మారాయి. లేచి నీ మీద పడబోయేలోగా ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపి గాలి లాక్కున్నావు. కాసేపటికి మళ్ళీ ఆగింది. అలా ఆ మధ్యాహ్నమంతా చూస్తూ కూర్చున్నాను. నీకు చెబితే నవ్వి కొట్టిపారేస్తావని చెప్పలేదు, చెప్పాల్సింది.

నీ కార్డు పోతుందని తెలుసు. తెలిసే రాశాను. కార్డు లేని అన్నయ్య నాకు చాలు.

నీ పెట్టె నాలాగే చెవిటిది. దానికేమీ వినపడదు. దయచేసి నీ పడక మీద నువ్వు పడుకో. నన్ను తిట్టు, మాట్లాడకు, ఏమైనా చెయ్. పడుకో.

కవరు మీద వోండాకి పెద్ద అక్షరాలతో రాశాను, ఇది ప్రాణం మీది మాట, నువ్వెక్కడున్నా చేర్చమని.

నదీన్


లారమీ, వయోమింగ్
9 ఫిబ్రవరి 2018

నదీన్,

పడమటి వైపు హైవే మూసేశారు. గాలికి బండ్లు బొమ్మల్లా పడిపోతున్నాయట. ఇక్కడ ఇరుక్కుపోయాను. ట్రక్కుల ఆవరణలో టీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను, కళ్ళు తెరిచి ఉంచడానికి రాస్తున్నాను.

పెట్టె తీగ పీకేశాను. చెడిపోయిందని చెప్పి ఎనిమిది రోజులు కాగితం మీద రాసుకోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది. తీగ పీకినా దీపం ఆరలేదు. లోపల బ్యాటరీ ఉందట. ఫోను కూడా కట్టేశాను.

పొద్దున నల్లకుక్క కనిపించింది.

కొండ దిగుతున్నాను. ఎడమ గట్టు మీంచి దిగి, తొందరేమీ లేనట్టు నడుచుకుంటూ నా ముందుకొచ్చింది. మధ్యలో ఆగి నా వైపు చూసింది. బ్రేకు తొక్కాను. వెనక ట్రైలరు పక్కకి జారింది, కాసేపు అద్దంలో నా ట్రైలరే నన్ను దాటి వెళ్ళేలా కనపడింది. ఎలాగో నిలబడింది. రోడ్డు మీద ఏమీ లేదు.

అప్పుడు ఆపి పడుకోవాలి. ముసలాయన మాట ముప్ఫయ్యేళ్ళలో నాకు మొదటిసారి పనికొచ్చే రోజు. ఆపాను కూడా. పడక దాకా వెళ్ళి పరదా పక్కకి తీస్తే ఆ ఆకుపచ్చ దీపం నన్నే చూస్తోంది. మళ్ళీ స్టీరింగు ముందుకొచ్చి కూర్చుని తోలాను. కుక్క కనిపించాక తోలాను నదీన్. ఇంతకంటే భయం నా జన్మలో ఎరగను.

ఎవరికైనా ఏమైనా అయితే, నా బండి కింద ఎవరైనా జెండా పట్టుకున్న మనిషి

ఇక రాయలేను.

హా.


సెడేలియా
13 ఫిబ్రవరి 2018

అన్నయ్యా,

లారమీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నా ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. పక్కింటి ఓక్లీ గారి చేత వోండాకి ఫోన్ చేయించాను. ఎవరో డ్రైవరు దాన్ని తీసుకెళ్ళాడందట, అంతకంటే తెలియదట. తలుపు గంటకి బదులు పెట్టుకున్న దీపం వెలిగితే చాలు, పోలీసులేమోనని గుండె ఆగిపోతోంది. డ్యూయీ పోయినప్పుడూ ఆ దీపమే వెలిగింది.

నేను రాయకపోయి ఉంటే నువ్వు నీ పడక మీద పడుకునేవాడివి. నీ ప్రాణం కాపాడాలని నీ నిద్ర పోగొట్టాను.

ఒక్క ముక్క రాయి. తిడుతూ అయినా సరే.

నదీన్


నార్త్ ప్లాట్
15 ఫిబ్రవరి 2018

నదీన్,

ఓక్లీ గారికి నిన్ననే ఫోన్ చేసి నేను బతికే ఉన్నానని నీకు చెప్పమన్నాను. చెప్పే ఉంటుంది. మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం తెచ్చింది గూలెద్. వోండా వాడి చేతికిచ్చిందట. ట్రక్కులవాళ్ళు మాట్లాడుకునే రేడియోలో దారి పొడుగునా మిగతా డ్రైవర్లని నా కోసం అడుగుతూ వచ్చాడు. మధ్యలో వాడి పద్నాలుగు గంటలూ అయిపోయాయి. ఏ పెట్టెనైతే వకీలంటాడో, దాని మాట కాదని ఆపకుండా లారమీ దాకా తోలాడు. గంటలు దాటితే కారణం రాయమని ఆ తెర మీద అడుగుతుంది. ‘అన్నకి చెల్లెలి ఉత్తరం’ అని కొట్టాడట. వాళ్ళ కంపెనీవాడు ఫోన్ చేసి చెడ తిట్టాడు.

చదివాను. నలిపి కిటికీలోంచి విసిరేశాను. ‘ఇది చెల్లెలు కాదు, నా పాలిటి పగ’ అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. గూలెద్ మంచులో దిగి దాన్ని ఏరుకొచ్చి సీటు మీద పెట్టాడు.

‘పడుకో పెద్దాయనా’ అన్నాడు.

‘ఎక్కడ? ఆ పడక మీదా?’

‘ఆ పడక మీదే. నేనిక్కడ కూర్చుంటాను. మీ చెల్లెలు అబద్ధమాడిందో లేదో తేలిపోతుంది.’

ఎప్పుడు నిద్రలో పడ్డానో తెలియదు. లేచేసరికి బాగా పొద్దెక్కింది. గూలెద్ అలాగే కూర్చుని ఉన్నాడు, మొహం పాలిపోయి. తన ఫోను నా చేతికిచ్చాడు. నేను పడుకుని ఉండగా వీడియో తీశాడు. ముందు గురక, దున్నపోతు రంకెలా. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది ఎంతకీ అవదే! మధ్యలో వీడియోలోనే గూలెద్ చెయ్యి వచ్చి నా భుజం పట్టి ఊపింది. రాత్రంతా అదే పని చేశాడట పాపం.

రెండోసారి శబ్దం తీసేసి చూశాను, నీకెలా కనపడిందో చూద్దామని. నదీన్, ఆ కంబళి ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. నాకూ చాల్లేదు.

మన డ్యూయీ బావని గుద్దినవాడి గురించి ఆలోచిస్తున్నాను. అతని పుస్తకం అబద్ధమని ఇన్నాళ్ళూ అందరం అన్నాం. అబద్ధం కాకపోవచ్చు కదా. పది గంటలూ నిజంగానే పడుకుని ఉండొచ్చు, నాలా. నా పెట్టె కూడా తీగ పీకే దాకా రోజూ ‘పది గంటల విశ్రాంతి’ అనే రాసింది, ఒక్క నిమిషం తప్పు లేకుండా. ఆ పది గంటలూ నేను గాలి కోసం కొట్టుకున్నాను. దానికి నా మీద పగ లేదు, ప్రేమా లేదు. అది వినలేదు. వింటే బాగుండేది.

పరీక్షకి ఒప్పుకున్నాను. మీ ఊరి ఆసుపత్రిలోనే పెట్టించమని ప్రెంటిస్‌ని అడిగాను, మంగళవారానికి కుదిరింది. ముక్కుకి తొడిగే మాస్కు ఏదో ఇస్తారట. అది పనిచేస్తే కార్డు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. బండి వోండా హోటల్ వెనక పెట్టి తాళాలు ఆవిడకిచ్చాను. తాళాలిస్తుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆవిడ చూడనట్టు గుడ్లు వేయించింది. కార్డు రాకపోతే ఏం చేస్తానో నాకు తెలియదు, ఆ భయం అలాగే ఉంది.

నీ మీద కోపం కూడా అలాగే ఉంది. వచ్చాక రెండు రోజులు మాట్లాడను, ముందే చెబుతున్నాను.

కాన్సాస్ సిటీ దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. ఆదివారం మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటాను. సోఫా మీద పడుకుంటాను. నువ్వు ఊలు తెచ్చుకుని పక్క కుర్చీలో కూర్చో. కంబళి ఆగితే భుజం మీద గట్టిగా కొట్టు. ఎవరు చెప్పారని ఈసారి అడగను.

నీ అన్నయ్య
హార్లన్